రాజమాత సెట్టు

మా నాన్న లెడ్జర్లో రాజులకి నాలుగు పేజీలు,
రాణులకి అరపేజీ.

పట్టమహిషి సెట్టు: ఎర్ర పట్టుచీర, వడ్డాణం, కిరీటం, సవరం.
రోజుకి నలభై.
రాజమాత సెట్టు: తెల్లచీర, సన్న జరీ, ముత్యాల పేట ఒకటి.
కిరీటం లేదు. రోజుకి పాతిక.

పక్కనే పెన్సిలుతో, చిన్నగా:
"మనిషి అదే అయినా ఫరవాలేదు."

బెజవాడ వన్‌టౌన్‌లో, మార్కెట్టు వెనక సందులో
మా డ్రామా సామాన్ల కొట్టు.
మాచవరపు సుందరమాణిక్యం గారు
పద్దెనిమిదేళ్ళు మా ఎర్రచీరే కట్టింది.
పంతొమ్మిదో ఏడు, గుంటూరు పరిషత్తుకి వ్యాను ఎక్కేముందు
ట్రూపు మేనేజరు వచ్చి
"ఆవిడకి ఈసారి తెల్లది" అన్నాడు.
అంతే.
కోటలో అయితే ఎవరో పోవాలి,
దుందుభి ఆగాలి, గాజులు పగలాలి.
ఇక్కడ పొట్లం మారింది.
పురికొస కూడా అదే.

రాజు మాత్రం మారలేదు.
మీసానికి రంగేసుకుని అదే రాజు.

"అమ్మా, దీవించు అని కాళ్ళ మీద పడతాడే,
కిందటేడు నా కొంగు పట్టుకున్న చేతులు!
నాకంటే పదకొండేళ్ళు పెద్ద, నా కొడుకు"
అని మా కొట్టు స్టూలు మీద కూర్చుని
టీ ఒలికేలా నవ్వేది.

నవ్వి, గ్లాసు కింద పెట్టి, ఒకసారి అంది:
"రాజమాత అంటే ఏంటనుకున్నావు?
మొగుడు పోతే మిగిలే ఉద్యోగం.
అదీ కొడుకు గద్దెక్కితేనే.
మరిది ఎక్కాడనుకో,
అదే అంతఃపురంలో వెనక గది.
పేరు ముందున్న దేవి, మహాదేవి అన్నీ ఊడిపోతాయి,
'ఆవిడ' అంటారు,
'ఆవిడకి అన్నం పంపారా' అంటారు.
అందుకే కొడుకు యుద్ధానికెళ్ళే సీన్లో అంత ఏడుస్తాను.
జనం కొడుకు కోసం అనుకుంటారు.
సగం వాడి కోసమే.
మిగతా సగం ఆ నాలుగక్షరాల కోసం."

నాన్న పోయాక లెడ్జరు నా చేతికొచ్చింది.
అమ్మని కొట్టు ఓనరమ్మ అనే వాళ్ళంతా
నెల తిరక్కుండా ఓనరు గారమ్మ అన్నారు.
ఆవిడ పట్టించుకోలేదు. నేను రాసుకున్నాను.

బుడమేరు పొంగిన ఏడు
సింగ్‌నగర్ గోడౌన్లో నడుం లోతు నీళ్ళు.
అయిదో రోజు తలుపు తీస్తే
అట్ట కిరీటాలు నానిన అటుకుల్లా ఉన్నాయి.
గదలు తేలుతున్నాయి.
మీసాలన్నీ పోయి గోడకి అతుక్కున్నాయి,
ఎవరి మీసం ఎవరిదో.
పై అరలోని ఎర్రచీర
తన ఎరుపంతా ఓపిగ్గా, చుక్క చుక్కగా
కింది అరలోని తెల్లచీరకి ఇచ్చేసింది.

డ్రైక్లీనింగ్ అబ్బాయి రెండుసార్లు ప్రయత్నించి
చేతులెత్తేశాడు.
పారేద్దామని గుమ్మం పక్కన పడేశాను.

ఎవరు చెప్పారో, ఆటో దిగి వచ్చింది సుందరమాణిక్యం గారు.
డెబ్భై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళకి పట్టీలు.
చీర ఒళ్ళో పరుచుకుని, మరక వెంట వేలు జరుపుతూ
అంచు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి,
"ఇక ఉతక్కు" అంది.
"వచ్చే నెల గుంటూర్లో వేషం ఉంది."

వేసింది.
రాజు ఈసారి బ్యాంకు ఉద్యోగి, కొత్త కుర్రాడు,
కాళ్ళ మీద పడబోయి ఆ రంగు చూసి
ఒక డైలాగు మింగేశాడు.
న్యాయనిర్ణేత కాగితం మీద రాశాడు:
భర్త పోయిన స్త్రీ చీరపై ఎరుపు, అనౌచిత్యం,
రెండు మార్కులు తగ్గించడమైనది.

మర్నాడు చీర తిరిగొచ్చింది, పురికొసతో సహా.
లెడ్జరు తీశాను.
నాన్న పెన్సిలు రాత కింద, పెన్నుతో:

రాజమాత సెట్టు. రంగు దిగింది.
అద్దె, పట్టమహిషికి ఎంతో అంత.